నీలం తగ్గిన ఎండాకాలం

ఆ ఎండాకాలం మా ఇంట్లో ఫాస్ఫేటు ఎక్కువైనవి రెండు. ఒకటి హాల్లో కిటికీ పక్కనున్న అద్దాల తొట్టి. రెండోది దానికి ఎదురుగా పడక్కుర్చీలో కూర్చునే మా మామగారు. రెండింటినీ దారిలో పెట్టే ఉద్యోగం నాకు పడింది. దరఖాస్తు పెట్టుకున్నట్టు మాత్రం నాకు గుర్తు లేదు.

తొట్టి మా ఆయనది. ఆయనకు ఏడాదికొక సరదా పుడుతుంది. అంతకు ముందటి ఏడాది గిటారు. దాని పెట్టె మీద నేనిప్పుడు ఇస్త్రీ బట్టలు పేరుస్తున్నాను. ఆ ముందటి ఏడాది పరుగు. ఆ బూట్లు వేసుకుని బాల్కనీ కడుగుతున్నాను. ఈసారి సముద్రం. రెండడుగుల తొట్టి, అందులో ఉప్పునీళ్లు, తూట్లు తూట్లుగా ఉన్న రాళ్లు, ఒంటిమీద తెల్ల పట్టీలతో సర్కసు జోకర్లలా తిరిగే నారింజ రంగు చేపల జంట, నాలుగు నత్తలు, మధ్యలో ఒక పగడం. పగడమంటే నాకు అప్పటిదాకా నగల కొట్లో ఎర్ర పూసే. ఇది ప్రాణమున్న పగడం. లావుపాటి వేళ్లలాంటి కొసలతో, లేత ఆకుపచ్చగా, రోజంతా నీళ్లలో ఊగుతూ ఉండేది.

"రాయి కాదోయ్, జంతువు. తిండి పెట్టాలి," అన్నారు మా ఆయన గొప్పగా.

ఇంట్లో అడక్కుండానే తిండి పెట్టాల్సిన ప్రాణి ఇంకొకటి పెరిగిందన్నమాట అనుకున్నాను.

తిండి మాత్రం ఆయనే పెట్టారు. పెళ్లివారికి వడ్డించినట్టు పెట్టారు. చలి తగ్గేసరికి రాళ్లమీద పచ్చటి నూగు మొదలైంది. ఎండలు ముదిరేసరికి అది వేలెడు పొడవు జుట్టయింది. రాళ్లన్నింటికీ ఎవరో పచ్చ ఉన్ని స్వెట్టర్లు అల్లి తొడిగినట్టుండేది. ఆయన రెండు ఆదివారాలు కూర్చుని టూత్‌బ్రష్షుతో రుద్దారు. మూడో ఆదివారం ఎక్కడో లిఫ్టు ఆగిపోయిందని ఫోనొచ్చింది. మా ఆయన లిఫ్టుల కంపెనీలో సూపర్‌వైజరు. ఊళ్లో ఎవరెక్కడ మధ్యలో వేలాడుతున్నా ఈయనే వెళ్లాలి. వెళ్లిపోయారు. టూత్‌బ్రష్షు నా చేతికొచ్చింది.

ఆ వారంలోనే మామగారిని కిడ్నీ డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్లాను. ఆవిడ కళ్లజోడు ముక్కు చివరకు జార్చి, రిపోర్టును వదిలేసి మనిషిని చూస్తూ మాట్లాడుతుంది.

"పెద్దాయనా, మీ కిడ్నీలు నెమ్మదించాయని మనకు తెలిసిందే. ఇప్పుడు ఒంట్లో ఫాస్ఫేటు పేరుకుంటోంది. అది బయటికి పోలేక రక్తనాళాల్లో గార కడుతుంది."

గార అన్న మాటకు మామగారు కుర్చీలో నిటారుగా అయ్యారు. ఆయన బట్టల మిల్లులో బాయిలరు నడిపి రిటైరైన మనిషి. తోటివాళ్లు ఇప్పటికీ ఆయన్ని బాయిలరుగారనే పిలుస్తారు.

"ఫాస్ఫేటుతో గారా? అమ్మా, బాయిలరు గొట్టాలకు గార పట్టకూడదనే కదా మేం నీళ్లలో ఫాస్ఫేటు పోసేది! నా చేతుల్తో పీపాలకు పీపాలు పోశాను. నా డ్యూటీలో ఒక్క గొట్టం పోలేదు."

"అది బాయిలరు కదండీ."

"మరి ఇదేంటి?" అన్నారు పొట్టమీద చెయ్యి వేసుకుని.

డాక్టరమ్మ నవ్వింది. నవ్వుతూనే చెప్పాల్సింది చెప్పేసింది. పాలు, చీజు, వేరుశెనగలు, చాక్లెట్లు, నల్ల కూల్‌డ్రింకులు బాగా తగ్గించాలి. మూడు పూటలా తిండితో పాటు ఒక మాత్ర నమలాలి. తిన్నదాంట్లోని ఫాస్ఫేటును ఆ మాత్ర కడుపులోనే పట్టుకుని బయటికి లాక్కుపోతుంది. వానలు పడేనాటికి ఈ అంకె, దీనితోపాటు మిగతా అంకెలూ దిగిరావాలి.

"దిగకపోతే ఎడమచేతికి చిన్న ఆపరేషన్ చేసి డయాలసిస్‌కి దారి సిద్ధం చేసి పెట్టుకుందాం. చిన్నదే," అంది.

ఇంటికొచ్చేటప్పుడు మామగారు ఎడమ ముంజేతిని కుడిచేత్తో పట్టుకుని కూర్చున్నారు, పక్కవాళ్లెవరో లాక్కుపోతారన్నట్టు.

"చిన్నదేనంట," అన్నారు కాసేపటికి.

"దానిదాకా రానివ్వం మామయ్యా."

"నువ్వనుకుంటే సరిపోతుందా? గొట్టాలనుకోవాలి."

*

మర్నాడు సీసాలో తొట్టి నీళ్లు పట్టుకుని చేపల కొట్టుకు బయల్దేరితే, "నీళ్ల పరీక్షైతే నేనూ వస్తా," అని మామగారు చొక్కా మార్చుకున్నారు.

ఆ కొట్టు పగలు కూడా చీకటిగా, నీలం దీపాలతో ఉంటుంది. కొట్టతను మా కథంతా విని ముందు నన్ను చూసి జాలిపడ్డాడు.

"రుద్దితే ఏం పోతుందక్కా? నాచు కూడా మొక్కే కదా. ఎరువు దొరికినన్నాళ్లూ పెరుగుతుంది. మీ నీళ్లనిండా ఎరువే. మీరు వేసిన తిండి, అవి తిని విసర్జించింది, అంతా అందులోనే ఉంది. ఎక్కడికి పోతుంది?"

చిన్న గాజుగొట్టంలో మా నీళ్లు పోసి, పొడి వేసి, మూత బిగించి ఊపాడు. నీళ్లు మెల్లగా నీలం తిరిగాయి. సిరా పోసినంత నీలం.

"ఎంత నీలమొస్తే అంత ఫాస్ఫేటు."

మామగారు ఆ గొట్టాన్ని అతని చేతిలోంచి తీసుకుని వెలుతురుకు పట్టి చూశారు. మొహంలో పాత నేస్తం కనబడ్డ వెలుగు.

"ఇది నాకు తెలుసయ్యా! మిల్లులో రోజూ పొద్దున్నే చేసేవాణ్ణి. నీలం రాకపోతే మా ఇంజనీరు తిట్టేవాడు."

"ఇక్కడ వస్తే తిట్టాలి తాతగారూ."

చెయ్యాల్సినవన్నీ చెప్పాడు. తిండి రోజుకొక్క చిటికెడు, అంతే. ఐసుముక్కల్లో వచ్చే రొయ్యల మేతను జల్లెడలో కడిగి, ఆ కడిగిన నీళ్లు పారబోసి వెయ్యాలి. కుళాయి నీళ్లు వద్దు, ఫిల్టరు నీళ్లే పొయ్యాలి. కిటికీకి తెర కట్టాలి, లైటు తక్కువసేపు వెయ్యాలి. నీళ్లు కొద్దికొద్దిగా మారుస్తూ ఉండాలి.

"తొందరపడొద్దు. ఫాస్ఫేటును ఒక్కసారిగా తోసేస్తే పగడం తట్టుకోలేదు. మెల్లిగా దించాలి. ఫాస్ఫేటును పట్టేసే పొడి ఒకటుందక్కా, సంచిలో కట్టి తొట్టి వెనక అరలో పెడితే నీళ్లు అందులోంచి పోతూ శుభ్రపడతాయి. ఇప్పుడు స్టాకు లేదు. తెప్పిస్తా."

"ఆ సంచి ఎలాంటి గుడ్డతో కట్టాలి?" అడిగారు మామగారు.

"ఏదైనా పర్లేదు తాతగారూ, నీళ్లు పారేదైతే చాలు."

లేని పొడికి సంచి గురించి ఈయనకెందుకో అనుకున్నాను. అంతకు మించి అనుకోలేదు. ఆయన ఆ నీలం పరీక్ష డబ్బా ఒకటి కొనిపించుకుని, దారంతా చంటిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకొచ్చారు.

ఇంట్లో ఇద్దరికీ ఒకే రోజు పథ్యం మొదలుపెట్టాను. వేరుశెనగల డబ్బా పై అరలోకి, చీజు పక్కింటికి పోయాయి. పొద్దున కప్పులో పాలు లేని టీ చూసి మామగారు, "ఇది తొట్టిలోంచి తీసిందా?" అని అడిగారు.

చేపలకు ఒక్క చిటికెడు వేసి డబ్బా మూత పెడుతుంటే ఆ రెండూ అద్దానికి మూతులానించి నన్నే చూసేవి.

"చూడమ్మా వాటి మొహాలు, ఎలా వాడిపోయాయో."

"వాటి మొహాలు ఎప్పుడూ అలాగే ఉంటాయి మామయ్యా."

"మరి నా మొహం?"

"మీదీ అంతే."

"వాటికీ నాకూ ఒకే జైలరు," అన్నారాయన చేపలతో.

అయినా తొట్టి పనికి మాత్రం ఆయన్ని పిలవాల్సిన అవసరం ఉండేది కాదు. రోజూ పొద్దున్నే సన్నటి గొట్టంతో తొట్టి అడుగున చేరిన మడ్డిని ఒక జగ్గుడు బయటికి లాగేసి, అంతే కొలతలో కొత్త ఉప్పునీళ్లు కలిపి పోసేవారు. "బ్లోడౌన్ అంటారమ్మా దీన్ని. బాయిలరు అడుగున చేరిందాన్ని రోజూ కాస్త వదలాలి. బద్ధకించి నెలకోసారి మొత్తం వదిలామనుకో, ఇంజనీరొచ్చి మనల్ని వదులుతాడు." తర్వాత నీలం పరీక్ష. గొట్టాన్ని కిటికీకెదురుగా పట్టుకుని ఒక కన్ను మూసి చూసేవారు.

నీలం తగ్గుతూ వచ్చింది. నేననుకున్నదానికంటే త్వరగా తగ్గింది. నాచు జుట్టు అక్కడక్కడా ఊడి రాళ్ల బట్టతలలు బయటపడ్డాయి. "నేను ముందే చెప్పాను కదోయ్, దానంతటదే సర్దుకుంటుందని," అన్నారు మా ఆయన. టూత్‌బ్రష్షు నా చేతిలో ఉండగా అన్నారు. ఆయన ధైర్యాన్ని నేను ఎన్నడూ తక్కువ చెయ్యలేదు.

మామగారి మాత్ర సంగతి కూడా సజావుగానే ఉందనుకున్నాను. సుద్దముక్కలా ఉందనీ, భోజనాల బల్ల దగ్గర అందరిముందూ నమల్లేననీ, పళ్లెంలో సగం తినగానే పడక్కుర్చీ దగ్గరికి వెళ్లి నమిలొచ్చి మిగతా సగం తినేవారు. మాత్రల రేకు చిట్లిన చప్పుడు వంటింట్లోకి టిక్కుమని వినబడేది. ఆ చప్పుడు విని నేను నిశ్చింతగా గిన్నెలు తోముకునేదాన్ని.

*

ఎండాకాలం సగానికొచ్చేసరికి మళ్లీ రక్తపరీక్ష చేయించాం. తొట్టి అంకె దిగింది. మామగారి అంకె ఎక్కింది.

డాక్టరమ్మ ఈసారి కళ్లజోడు ముక్కుమీదకు తోసుకుని రిపోర్టునే చూసింది.

"పథ్యం చేస్తున్నారా?"

"చేయిస్తున్నాను," అన్నాను.

"మాత్రలు?"

"మూడు పూటలా," అన్నారు మామగారు. అబద్ధం చెప్పే మనిషి చూపులు దించుకుంటాడంటారు. ఈయన ఆవిడ కళ్లలోకే చూశారు.

ఆవిడ మాత్ర పూటకు రెండు చేసింది. ఎందుకైనా మంచిది, ఆపరేషన్ చేసే డాక్టరుతో కూడా ఓ మాట అనుకుందామంది.

ఇంట్లో నేను పోలీసు వేషం కట్టాను. ఎక్కడో ఏదో తింటున్నారు, లేకపోతే ఎందుకెక్కుతుంది? దిండ్ల కింద చూశాను. పాత పేపర్ల వెనక చూశాను. బీరువా మీద బూట్లపెట్టెలో చాక్లెట్ కాగితాలు గుత్తులు గుత్తులుగా దొరికాయి. తీరా చూస్తే అవి మా ఆయనవి. ఆ కేసును పక్కన పెట్టి అసలు కేసులోకి వచ్చాను. మామగారి కోటు జేబులో చెయ్యి పెట్టి ఉండగా ఆయన గుమ్మంలోకి వచ్చారు.

"ఏం దొరికింది?"

"రుమాలు."

"దాంట్లో ఫాస్ఫేటుండదమ్మా."

కోప్పడితే బాగుండేది. కోప్పడలేదు. వెళ్లి తొట్టి ముందు కూర్చున్నారు. అప్పుడు చూశాను, ఆయన చేతి గడియారం కుడిచేతికి ఉంది.

"ఇదేంటి మామయ్యా, ఇటు మార్చారు?"

"ఎడమచెయ్యి ఎలాగూ వాళ్లదే కదమ్మా. ఇప్పట్నుంచే అలవాటు చేసుకుంటే పోలే."

ఆ పూట నాకు ఏం వండానో కూడా తెలియలేదు. ఆ సాయంత్రం మా ఆయన తిని, "ఉప్పు?" అని మొదలుపెట్టి, నా మొహం చూసి, "సరిపోయింది," అని ముగించారు.

*

తర్వాత కొద్ది రోజులకే తొట్టి పాడైంది. మధ్యాహ్నం గిన్నెలు సర్ది హాల్లోకి వస్తే తొట్టిలో నీళ్ల బదులు ఎవరో పాలు పోసినట్టుంది. రాళ్లు మసగ్గా కనబడుతున్నాయి. పగడం వేళ్లన్నీ లోపలికి ముడిచేసుకుని గుప్పిట బిగించినట్టయింది. చేపలు రెండూ పైకొచ్చి నోళ్లు తెరుచుకుని ఊపిరి కోసం కొట్టుకుంటున్నాయి. మామగారు పడక్కుర్చీలో నిద్రపోతున్నారు.

చేపల కొట్టతనికి ఫోను చేశాను.

"తొట్టిలో పంచదార గానీ, పిండి గానీ పడిందా అక్కా?"

"చేపల తొట్టిలో పంచదార ఎవరు వేస్తారయ్యా?"

"తీపి ఏదన్నా పడితే నీళ్లలో బ్యాక్టీరియా ఒక్కసారిగా పెరిగి ఇలా పాలైపోతుంది. గాలంతా అదే లాగేసుకుంటుంది. ముందు నీళ్లు మార్చండి, పైనుంచి ఎత్తి పొయ్యండి, గాలి తగులుతుంది. వెనక అర కూడా తీసి చూడండి."

వెనక అర మూత తీశాను. నీళ్లు పారే చోట ఒక సాక్సు, నోరు ముడేసి, వేలాడుతోంది. మా ఆయన నల్ల సాక్సు. దాని జత కోసం నేను ఎన్ని వారాలుగానో ఇల్లంతా వెతుకుతున్నాను, బట్టలుతికే మిషన్ను అనుమానించాను. ముడి విప్పి సింకులో బోర్లించాను. తెల్లటి ముద్ద పడింది, తడిసిన సుద్దలా. అందులో ఇంకా కరగనివి కొన్ని, గుండ్రంగా, మధ్యలో చెక్కిన రెండక్షరాలతో.

ఆ అక్షరాలు నాకు తెలుసు. ప్రతి నెలా మందుల కొట్టునుంచి తెచ్చేది నేనే. నమిలే మాత్రలు కాబట్టి తీపి కలిపి చేస్తారు, పూటకు రెండయ్యాక ఆ తీపీ రెండింతలైంది.

సాక్సును పళ్లెంలో పెట్టి భోజనాల బల్లమీద ఉంచాను. చేతులు కడుక్కున్నాను. వెళ్లి మామగారి భుజం తట్టాను.

"మామయ్యా, లేవండి. మీ చేపలకు ఊపిరాడ్డం లేదు."

ఆయన లేచి ముందు తొట్టిని చూశారు, తర్వాత బల్లమీది పళ్లేన్ని చూశారు. ఆయన గొట్టం అందుకున్నారు, నేను బక్కెట్లు అందుకున్నాను. ఆయన తోడుతుంటే నేను ఉప్పు కలిపాను. నేను కలుపుతుంటే ఆయన జగ్గు ఎత్తి పైనుంచి ధారగా పోశారు. నేను చెయ్యి చాచినా జగ్గు ఇవ్వలేదు. చాలాసేపటికి చేపలు నోళ్లు మూసి కిందికి దిగాయి. అప్పుడు ఇద్దరం తడి బట్టలతో బల్లకు చెరోవైపు కూర్చున్నాం. మధ్యలో సాక్సు.

"మొదట పరీక్షకని ఒకటే వేశానమ్మా," అన్నారు. "మిల్లులో కొత్త మందేదొచ్చినా ముందు గ్లాసు నీళ్లలో వేసి చూసేవాళ్లం. పని చేస్తేనే బాయిలర్లో పోసేది. కడుపులో వేసుకుంటే పని చేసిందో లేదో ఎవడికి కనబడుతుంది? ఇందులోనైతే నీలం తగ్గుతుంది కదా."

"తగ్గిందా?"

"తగ్గింది." గొంతులో ఆ పరిస్థితిలో కూడా కాస్త గర్వం.

"పని చేస్తుందని తెలిసింది కదా. మరి వేసుకోవాల్సింది."

"వేసుకుందామని ఆపాను. ఆపితే నీలం మళ్లీ ఎక్కింది. మళ్లీ ఇందులోనే వేశాను." ఆయన కుడిచేతి గడియారాన్ని తిప్పుకున్నారు. "గొట్టాలు పోయిన బాయిలర్లను చూశానమ్మా నేను. ఎంత మందు పోసినా దండగే. మంచి మందును పనిచేసే చోట పొయ్యాలి. అవి చిన్నవి. ఇంకా బతకాల్సినవి."

నాకు చాలా మాటలు వచ్చాయి. సగం తిట్లు. అవన్నీ మింగేసి ఒక్కటి అడిగాను.

"గొట్టాలు పోతే మిల్లువాళ్లేం చేసేవారు?"

"ఏం చేస్తారు, కొత్త బాయిలరు తెచ్చేవారు."

"మాకు ఆ కొట్టు తెలీదు మామయ్యా. ఎక్కడుందో మీకు తెలిస్తే చెప్పండి, మీ అబ్బాయిని పంపి ధర కనుక్కుంటాను. దొరికేదాకా మాత్రం ఉన్నదాన్నే నడుపుకోవాలి."

ఆయన పళ్లెంలోని సాక్సును వేలితో సరిచేశారు.

"పాతది. చప్పుడెక్కువ," అన్నారు చివరికి.

"చప్పుడు మాకలవాటే."

తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. మొహం ఎలాగూ తడిసే ఉంది కాబట్టి నేను దానికి వేరే అర్థం తీయలేదు.

"వాడికి చెబుతావా?"

"సాక్సు దొరికిందని చెప్పాలి కదా. పాపం, రోజూ అడుగుతున్నారు."

డాక్టరమ్మకు మాత్రం అప్పుడే ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. అవతల్నుంచి దగ్గు వినిపించింది. నవ్వును దగ్గుగా మార్చుకోవడం నాకూ వచ్చు కాబట్టి గుర్తుపట్టాను.

"పూటకు రెండు వద్దమ్మా. పాత మోతాదే, ఒకటి. కాకపోతే ఈసారి మనిషికి వెయ్యండి."

*

ఆ సాయంత్రం నుంచి చేపల తిండి డబ్బా నా అధీనంలోకి తీసుకున్నాను. రోజుకొక్క చిటికెడు తిండిని మూడు పూటలకు పంచాను. పూట పూటకీ మామగారు భోజనం మధ్యలో తొట్టి ముందు నిలబడాలి, రేకులోంచి మాత్ర తియ్యాలి, నా కళ్లముందు నమలాలి, నోరు తెరిచి చూపించాలి. అప్పుడు ఆయన అరచేతిలో చేపల వాటా వేస్తాను. ఆయన నమలకపోతే వాటికి లేదు.

"ఇది బ్లాక్‌మెయిలమ్మా," అన్నారు మొదటి పూట.

"అవును మామయ్యా."

"వాటికేం సంబంధం? నోరులేని జీవాలు."

"నోరున్న జీవి త్వరగా నమిలితే వాటికి ఇబ్బంది ఉండదు."

ఆయన నన్నూ, చేపల్నీ మార్చి మార్చి చూశారు. నమిలారు. నమిలేటప్పుడు మొహం ఎలా పెట్టారంటే, ఆ మాత్ర తయారుచేసినవాళ్లెవరైనా చూస్తే ఉద్యోగం మానేసేవారు.

పాలరంగు నీళ్లు మెల్లగా తేటపడ్డాయి. నాచు పగబట్టినట్టు మళ్లీ రెండు చోట్ల లేచింది; నేను బ్రష్షుతో రుద్దాను, ఆయన గొట్టంతో లాగారు, నత్తలు వాటి వంతు అవి తిన్నాయి. కొట్టతను చెప్పిన పొడి వచ్చింది. దానికి పాత బనీను గుడ్డతో సంచి కుట్టాను. మా ఆయన తన సాక్సులన్నీ లెక్కపెట్టుకుని బీరువాకు తాళం వేసుకున్నారు. నీలం ఒక వారం ఉన్నచోటే ఉంది, తర్వాత తగ్గింది, ఒకసారి మళ్లీ కాస్త ఎక్కింది. ఎక్కిన రోజు మామగారి చెయ్యి చొక్కా జేబు దగ్గరకు వెళ్లి ఆగింది. మాత్రల రేకు అక్కడే ఉంటుంది. నేను చూశానని ఆయనకు తెలుసు. "బ్లోడౌన్ ఇంకో జగ్గు పెంచుదాం," అన్నారు చెయ్యి దించి.

ఇదంతా జరుగుతుండగా చేపలు ఒక విషయం నేర్చుకున్నాయి. రేకు టిక్కుమంటే తిండొస్తుందని. ఆ చప్పుడు వినగానే రాళ్ల వెనక ఎక్కడున్నా సరే, రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటూ మూలకొచ్చి నిలబడేవి. మామగారికి ఇది తెలిశాక నేను పిలవడం మానేశాను. భోజనానికి ముందే వచ్చి కూర్చునేవారు. "త్వరగా వడ్డించమ్మా, పాపం చూస్తున్నాయి."

పగడం ముందు ఒక వేలు విప్పింది. అది ఇంట్లో అన్నీ బాగా జరిగిన వారం. తర్వాత తక్కినవి. రాయిమీద బొటనవేలి ముద్రంత గులాబీరంగు మచ్చ వస్తే కొత్త జబ్బేమోనని హడలిపోయి ఫోటో పంపాను. "భయపడకండక్కా, అది మంచి జాతి నాచే. అదొచ్చిందంటే నీళ్లు కుదుటపడ్డట్టే," అన్నాడు కొట్టతను.

మొదటి వాన పడ్డ వారంలో రక్తం ఇచ్చొచ్చాం. రిపోర్టు రోజున డాక్టరమ్మ గదిలో మామగారు మా ఇద్దరికీ కాకుండా కిటికీకి ఎదురుగా కూర్చున్నారు. ఆవిడ కాగితం చూసింది. కళ్లజోడు ముక్కు చివరకు జార్చింది. నాకు అక్కడే సగం ప్రాణం లేచొచ్చింది.

"దిగింది పెద్దాయనా. బాగా దిగింది. మిగతావి కూడా నిలకడగా ఉన్నాయి. ఆపరేషన్ మాట ఇప్పట్లో వద్దు."

"గార?" అడిగారు మామగారు.

"కట్టకుండా చూసుకుందాం. నేనో వైపు, మీ కోడలో వైపు. పొద్దుటి మాత్ర ఆపేద్దాం, మిగతా రెండు పూటలూ చాలు."

బయటికి రాగానే మా ఆయనకు ఫోను చేశాను. ఎక్కడో లిఫ్టు దగ్గర ఉన్నారు, వెనక ఎవరో లోపల్నుంచి తలుపు బాదుతున్నారు.

"ఏమైంది?"

"దిగింది. ఆపరేషన్ వద్దన్నారు."

ఆయన జవాబు నాకు కాకుండా లోపలున్న మనిషికి అరిచి చెప్పారు. "ఏం భయం లేదండీ! ఏం భయం లేదు, వచ్చేస్తారు!" గొంతు బాగా బొంగురుపోయింది. లోపలున్న మనిషి ఎంత ధైర్యపడ్డాడో నాకు తెలియదు.

ఇంటికొచ్చే దారిలో మామగారు కుడిచేతి గడియారం విప్పి, వేలితో అద్దం తుడిచి, ఎడమచేతికి పెట్టుకున్నారు. పట్టీ బిగించడం కుదరకపోతే చెయ్యి నా వైపు చాచారు. బిగించాను.

మర్నాడు పొద్దున వంటింట్లో గిన్నెలు తోముతుంటే హాల్లోంచి టిక్కుమని వినబడింది.

పొద్దుటి మాత్ర లేదు కదా. ఒకప్పుడైతే ఆ చప్పుడు విని నిశ్చింతగా ఉండేదాన్ని. ఇప్పుడు కుళాయి కట్టేసి, చేతులు తుడుచుకుని, చప్పుడు చెయ్యకుండా గుమ్మం దాకా వచ్చాను.

మామగారు తొట్టి ముందు నిలబడి ఉన్నారు. చేతిలో ఉన్నది ఖాళీ రేకు. నిన్నటిదో మొన్నటిదో. దాన్ని వేళ్ల మధ్య వంచి టిక్కుమనిపిస్తున్నారు. చేపలు రెండూ పరుగెత్తుకొచ్చి మూలలో నిలబడి ఉన్నాయి.

"వీటికి డాక్టరమ్మ చెప్పలేదు కదమ్మా," అన్నారు వెనక్కి తిరక్కుండానే. "ఒక్కసారిగా ఆపేస్తే తట్టుకోలేవు. మెల్లిగా దించాలి."

వెళ్లి పై అరలోంచి తిండి డబ్బా తెచ్చాను. చిటికెడు తీసి ఇవ్వబోయి, ఆగి, డబ్బానే ఆయన చేతిలో పెట్టి వంటింట్లోకి వచ్చేశాను.